నీళ్ల ఉత్తరాలు: రాడాన్ కొలవాలా, ముందు గొట్టం చూడాలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నాలుగు పేజీలుంది. సగానికి పైగా చోటు దానికే పోయింది. తక్కినవాళ్లు ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది భీమునిపట్నం. కింద వాటాలో మేముంటాం, పైది అద్దెకిచ్చాం. తాగడానికి కుళాయి నీళ్లు, వాడుకకి బోరు. మా అబ్బాయి పెన్సిల్వేనియాలో ఇల్లు కొన్నాడు. కొనేముందు ఇంట్లో రాడాన్ అనే వాయువు ఉందేమో పరీక్ష చేయించాడట. ఎక్కువే ఉందని తేలితే, నేల కిందినుంచి గొట్టం వేసి ఫ్యాను పెట్టించుకున్నాడు. అప్పటినుంచీ ఫోన్ చేసినప్పుడల్లా, "మీదీ కొండ రాతి నేలే, బోరు నీళ్లే వాడుతున్నారు, మీరూ చేయించుకోండమ్మా" అని ఒకటే పోరు. మొన్న ఫిల్టర్లు అమ్మే అతనొచ్చి మా కుళాయి నీళ్లలో కడ్డీలు పెడితే నీళ్లు తుప్పు రంగుకి తిరిగాయి. గుండె గుభేలుమంది. మా అత్తగారికి ఎనభై దాటాయి, ఇంకా అడ్డపొగ చుట్ట మానలేదు. "ఈ నీళ్లు తాగే నేనింత దాన్నయ్యాను, పోవే" అంటారు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ అబ్బాయి చెప్పిందాంట్లో నిజం ఉందమ్మా. ఫిల్టర్ల అతను చెప్పిందాంట్లో లేదు. అత్తగారి దగ్గరికి చివర్లో వస్తాను.

కడ్డీల సంగతి ముందు తేల్చేద్దాం. ఇదే తంతు పెదవాల్తేరులో మా చెల్లెలింట్లో నా కళ్లముందే జరిగింది. టీపాయ్ మీద రెండు గ్లాసులు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో అతను సీసాలో తెచ్చుకున్న ఆర్వో నీళ్లు. ఒక నల్ల డబ్బా, దానికింద నాలుగు కడ్డీలు, ప్లగ్గు. స్విచ్ వేసిన నిమిషానికల్లా కుళాయి నీళ్లు బుసబుస నురగలెత్తి, ఆకుపచ్చ తిరిగి, ఆనక ఇటిక రంగులో తెట్టు కట్టాయి. అతని నీళ్లు మాత్రం చెక్కు చెదరలేదు. మా చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను వంటింట్లోకి వెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి అతని గ్లాసులో వేసి, "మళ్లీ పెట్టు బాబూ" అన్నాను. ఈసారి అవి కుళాయి నీళ్లకంటే అన్యాయంగా తయారయ్యాయి. అతను వైరు చుట్టుకుంటూ, "సార్ ఏం చేస్తుంటారు?" అని అడిగాడు. నీళ్ల ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యానని చెప్పాను. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీలోది. అందులో ఇనప కడ్డీ ఉంటుంది. కరెంటు పారితే ఇనుము కరిగి తుప్పవుతుంది. కరెంటు పారాలంటే నీళ్లలో కాస్త ఉప్పులుండాలి. కుళాయి నీళ్లలో ఉంటాయి, ఆర్వో నీళ్లలో దాదాపు ఉండవు. ఆ తేడాని మురికి కింద అమ్ముతున్నాడు, అంతే.

అతని జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు కూడా ఉండి ఉండాలి. అది కొలిచేదీ అదే, నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతోందన్నది. దాన్ని ఉప్పుల లెక్కలోకి మార్చి అంకె చూపిస్తుంది. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపుంటే మేలు, వేరే గతి లేనిచోట 2000 దాకా ఓర్చుకోవచ్చు. రుచికీ, గీజరులో పేరుకునే సున్నానికీ, కందిపప్పు ఉడకడానికీ ఆ అంకె పనికొస్తుంది. ఆ నీళ్లలో పాయిఖానా కలిసిందా లేదా అన్నది మాత్రం దానికి తెలీదు.

ఇది నేను పుస్తకం చూసి చెప్పడం లేదు. పదిహేనేళ్ల కిందట మా ఇంట్లో నెల తిరక్కుండా ముగ్గురం పచ్చకామెర్లతో పడ్డాం. ముందు మా ఆవిడ, తర్వాత పెద్దాడు, ఆఖరికి నేను. వేరే ఊళ్ల నీళ్లకి రిపోర్టులు రాసేవాణ్ని, మా కుళాయికి మీటరు ముంచి 142 చూసి మురిసిపోయేవాణ్ని. చివరికి ప్లంబరొచ్చి వీధి కాలవ పక్కన తవ్వితే కనిపించింది. మా ఇంటికొచ్చే గొట్టం కాలవ అడుగునుంచి పోతోంది, అతుకు దగ్గర వాషరు నలిగి వేలు పట్టేంత సందు. నీళ్లొదిలినప్పుడు బయటికి కారుతుంది. నీళ్లు ఆపేశాక గొట్టం ఖాళీ అవుతూ కాలవ నీళ్లు లోపలికి లాగేస్తుంది. పొద్దున్నే మొదటి బిందె కాస్త వాసనొస్తోందని మా ఆవిడ రెండు వారాలుగా చెబుతూనే ఉంది. నేను మీటరు చూపించి ఆవిడ నోరు మూయించాను. కామెర్లు తగ్గాక గొట్టం మార్పించి మళ్లీ మీటరు పెట్టి చూశాను. అప్పుడూ 142 దగ్గరే ఉంది.

కాబట్టి మీరు మొట్టమొదట చేయించాల్సింది క్రిముల పరీక్ష. వంద మిల్లీలీటర్ల నీళ్లలో ఈ-కొలై ఒక్కటి కూడా కనపడకూడదు, ఇందులో బేరాల్లేవు. పల్లెల్లో జల్ జీవన్ మిషన్ కిట్లలో వచ్చే చిన్న సీసాలున్నాయి చూశారా, గీత దాకా నీళ్లు పోసి వెచ్చని చోట ఒకటి రెండు రోజులుంచితే నల్లబడేవి, అవి మొదటి జల్లెడకి బాగానే పనికొస్తాయి. నల్లబడితే ఆ నీళ్లు కాచకుండా తాగకండి, గొట్టం దారి వెతికించండి. ఖాయంగా తేలాలంటే ల్యాబుకే పంపాలి. ఇక్కడొక ముచ్చట. ల్యాబువాళ్లిచ్చే సీసా అడుగున రవంత తెల్ల పొడో, చుక్కో ఉంటుంది. మనవాళ్లకి శుభ్రం ఎక్కువ కదా, ఆ సీసాని మూడుసార్లు తొలిపి మరీ నీళ్లు పడతారు. ఆ పొడి నీళ్లలోని క్లోరిన్‌ని చంపడానికి వేసింది. దాన్ని కడిగేస్తే క్లోరిన్ దారిపొడుగునా క్రిముల్ని తినేస్తూ ఉంటుంది, రిపోర్టు భేషుగ్గా వస్తుంది. కుళాయి రెండు నిమిషాలు వదిలేసి, తొలపకుండా పట్టి, మూత బిగించి, ఐసు పక్కన పెట్టి ఆ పూటే అందించండి. అన్నట్టు, కుళాయి చివర లీటరుకి 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. రవ్వంత బ్లీచింగ్ వాసన వస్తే మూతి ముడుచుకోకండి, సంతోషించండి.

బోరు నీళ్లు స్నానానికీ గిన్నెలకే కాబట్టి ఊరట. ఎప్పుడైనా తాగాల్సి వస్తే ఫ్లోరైడు, నైట్రేటు చూపించండి. ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము లోపుండాలి, తప్పనిసరైతే 1.5. నైట్రేటు 45 దాటకూడదు, దానికి సడలింపు లేదు. ఈ రెండూ కాచితే పోవు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడతాయి. రాతి నేల బోర్లకి యురేనియం కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు లీటరుకి 30 మైక్రోగ్రాములు.

ఇప్పుడు మీ అబ్బాయి రాడాన్. అతను దిగిన చోటు మామూలు చోటు కాదు. రాడాన్ భయం లోకానికి తెలిసిందే పెన్సిల్వేనియాలో. 1984 డిసెంబరులో అక్కడి లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు తనిఖీ ద్వారం దాటితే చాలు, గంట మోగేది. ఒంటి మీద రేడియో ధార్మికత ఉందని దానర్థం. తీరా చూస్తే ఆ కేంద్రంలో కరెంటు తయారీ ఇంకా మొదలే కాలేదు. అంటే అతను దాన్ని ఇంటినుంచి మోసుకొస్తున్నాడు. ఇల్లు కొలిచారు. ఇప్పుడు అమెరికా ప్రభుత్వం మరమ్మతు చేయించుకోమనే హద్దుకి 600 రెట్ల పైమాటే ఉంది. ఫ్యాక్టరీ వల్ల కాదు, బాంబు వల్ల కాదు, ఇంటికింది రాయివల్ల.

ప్రతి రాతిలోనూ కాస్తో కూస్తో యురేనియం ఉంటుంది. అది చితికి చితికి రేడియం అవుతుంది, రేడియం చితికితే రాడాన్. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. వాయువు కనుక నేల పగుళ్లలోంచి పైకి వస్తుంది, బోరు నీళ్లలోనూ కరుగుతుంది. దాని సగం ఆయుష్షు 3.8 రోజులు, అంటే ఎంతున్నా అన్నాళ్లకి సగమైపోతుంది. పీల్చిన రాడాన్ చాలామటుకు ఊపిరితో బయటికి పోతుంది. అది చితికితే పుట్టే పిల్ల అణువులు దుమ్ము పట్టుకుని లోపలే అంటుకుంటాయి, ఊపిరితిత్తుల్ని కాల్చేది అవి. పొగతాగడం తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి పెద్ద కారణాల్లో ఒకటి ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఇంటి గాలిలో ఘనపు మీటరుకి 100 బెకరెల్‌లు మించకుండా చూసుకోమంటుంది, కుదరని దేశాల్లో 300 దాటొద్దంటుంది. ఒక బెకరెల్ అంటే సెకనుకి ఒక అణువు పగలడం. మీ అబ్బాయి అమెరికా లెక్కలో (లీటరుకి పికోక్యూరీల్లో) 4 అని చెబుతుంటాడు, దాన్ని 37తో గుణించుకోండి, 148 వస్తుంది. అక్కడ మరమ్మతు హద్దు అదే.

అదే వాయువు మీ ఇంట్లో ఎందుకంత చేరదంటే, ఇల్లు కట్టే తీరు వేరు. వాళ్ల ఇంటికి నేలలో దిగేసిన గది ఉంటుంది. చలికి తలుపులన్నీ బిగించి లోపల వేడి పెడతారు. వేడి గాలి పైకెళ్తుంటే ఇల్లు కిందినుంచి గాలిని నేలలోంచి పీల్చుకుంటుంది. భీమిలిలో సముద్రపు గాలికి మీ తలుపులు వాటంతటవే కొట్టుకుంటుంటాయి.

నీళ్ల సంగతీ అంతే. అక్కడ సొంత బోరున్న ఇళ్లలో నీళ్లు మూసిన ప్రెషర్ ట్యాంకులోకొచ్చి నేరుగా షవర్లో పడతాయి, రాడాన్ స్నానాలగదిలో విడుదలవుతుంది. మీ బోరు నీళ్లు మేడ మీద ట్యాంకులో పైనుంచి ధారగా దూకుతాయి. ఆ దూకుడులోనే చాలా వాయువు ఎగిరిపోతుంది, అదీ డాబా మీద. అయినా లెక్క చూద్దాం. నీళ్లలో రాడాన్ పదివేల వంతుల్లో ఒక వంతు ఇంటి గాలికి చేరుతుందని అమెరికాలో వేసుకునే అంచనా. మీ బోరులో లీటరుకి 100 బెకరెల్‌లు ఉందనుకోండి, అది తక్కువేం కాదు, ఘనపు మీటరుకైతే లక్ష. అందులో పదివేల వంతు 10. ఆరుబయట గాలిలోనే అటూ ఇటూగా అంత ఉంటుంది. ఇక తాటిపూడి, మేఘాద్రిగెడ్డల్లాంటి రిజర్వాయర్ల నీళ్లయితే ఎండకీ గాలికీ ఆరుబయట పడి ఉన్నవే, వాటిలో రాడాన్ నిలవదు.

అలాగని మీ అబ్బాయిని కసరకండి. మీ ఊరి తీరంలో అల వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి చూశారా, అవి ఇల్మెనైటు, గార్నెట్టు లాంటి బరువు ఖనిజాలు. వాటిలో తేనెరంగు మోనజైటు కూడా కొద్దిగా ఉంటుంది, అందులో థోరియం. థోరియం నుంచి వచ్చే రాడాన్ తోబుట్టువు థోరాన్, దాని సగం ఆయుష్షు 56 సెకన్లు. గది మధ్యకి వచ్చేలోపే చాలావరకు అయిపోతుంది. అయినా ఇంటి నేల పూడ్చడానికి తీరం ఇసుక తోలించుకోకండి. రేడియో ధార్మికత విశాఖకి కొత్త సబ్జెక్టేం కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టింది స్వామి జ్ఞానానంద అనే ఒక సన్యాసి.

నాకు అనుమానం ఉన్నది మీ ఏసీ గది మీద. కింద వాటా, నేల మీద గది, కిటికీ సందులకి స్పాంజి అతికించి రాత్రంతా ఏసీ వేసుకుంటున్నామని మూడో పేజీలో రాశారు. అది పెన్సిల్వేనియా ఇంటికి దూరపు చుట్టం. కొలవాలనుంటే ఆ గదినే కొలవండి, అదీ మంచం ఎత్తులో, కిటికీకి దూరంగా. మీ అబ్బాయిని రాడాన్ కొలిచే బొగ్గు డబ్బా తేవద్దనండి. రెండు మూడు రోజులుంచి వెంటనే ల్యాబుకి పంపాల్సిన రకం అది, పార్సిల్ సముద్రం దాటేలోపు రాడాన్ కరిగిపోతుంది. నెలల తరబడి వేలాడదీసే ఫిల్ము డబ్బా అయితే సరే, లేదా డిజిటల్ మీటరు తెమ్మనండి. ఒక్కరోజు అంకె చూసి బెంబేలెత్తకండి, కనీసం నెల సరాసరి చూడండి. ఎక్కువొస్తే నేల పగుళ్లు, బాత్రూం గొట్టాల చుట్టూ సందులు సిమెంటుతో పూడ్పించి, పడుకోబోయే ముందు అరగంట, లేచాక అరగంట కిటికీలు బార్లా తెరవండి. అప్పటికీ దిగకపోతే వాళ్లింట్లోలాంటి ఫ్యాను గురించి ఆలోచిద్దాం.

ఇక అత్తగారు. రాడాన్ ఒకే మోతాదులో ఉన్నా, పొగతాగేవాళ్లకి దానివల్ల వచ్చే ముప్పు తాగనివాళ్లకంటే 25 రెట్లు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పైగా ఆవిడది అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లో పెట్టుకునేది. మా నాయనమ్మా అలాగే తాగేది. మాట్లాడుతూ మాట్లాడుతూ నోట్లోంచి బూడిద దులిపేది, చిన్నప్పుడు మాకదో గారడీ. శ్రీకాకుళం పల్లెల్లో అడ్డపొగ తాగే ఆడవాళ్లని ఏళ్ల తరబడి పరీక్షించిన వైద్యులు అంగిట్లో పుళ్లూ, క్యాన్సరూ దానివల్లేనని తేల్చారు. ఎనభై దాటిన మనిషిని మానమంటే మానరని నాకూ తెలుసు. కనీసం ఆ ఏసీ గదిలో కాల్చనివ్వకండి, మనవలు పడుకునేది అక్కడే కదా. నెలకోసారి టార్చిలైటు వేసి ఆవిడ అంగిలి చూడండి. తెల్లమచ్చో, మానని పుండో కనిపిస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఖర్చులేని పరీక్ష ఇది.

ప్రశ్న: బోరు నీళ్లు తోడినప్పుడు తేటగా ఉంటాయి, గంటకల్లా బిందెలో పచ్చబడిపోతాయి. ఎవరో బోరులో ఏదో కలిపారని మా అనుమానం. (చోడవరం)

జవాబు: ఎవరినీ అనుమానించకండి, అది ఇనుము. భూమి లోపల గాలి తగలక కరిగి ఉంటుంది, పైకొచ్చి గాలి తగలగానే తుప్పై తేలుతుంది. గ్లాసుడు నీళ్లలో రెండు జామాకులు నలిపి వేయండి, నల్లగానో ఊదాగానో తిరిగితే ఇనుమే. టీ సిరాలా నల్లబడేదీ అందుకే. ప్రాణానికి ముప్పు లేదు, బట్టలకే. పైనుంచి ధారగా గాబులోకి పడనిచ్చి, రాత్రంతా తేరనిచ్చి, ఇసుక కుండలో వడగట్టండి. ఖర్చు పెట్టే ముందు ఈ పని చేసి చూడండి.

ప్రశ్న: అపార్ట్‌మెంటులో అందరూ ఆర్వో పెట్టుకున్నారు. మా టీడీఎస్ 210. మేమూ పెట్టుకోవాలా? (మధురవాడ)

జవాబు: అక్కర్లేదు. ఆర్వో ఉప్పు నీళ్ల కోసం పుట్టింది. 500 లోపున్న చోట వాడనివ్వొద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ప్రభుత్వానికి చెప్పింది. గ్లాసు నీళ్లకి మూడు గ్లాసులు కాలవలో పోస్తుంది అది. వేసవిలో ట్యాంకరు కోసం మెట్లమీద తగువులాడుకునే అపార్ట్‌మెంట్లలోనే ఇది ఎక్కువ చూస్తున్నాను. మీ డబ్బుతో కింద సంపు, పైన ట్యాంకు కడిగించండి. ఆఖరిసారి ఎప్పుడు కడిగారో వాచ్‌మన్‌ని అడగండి, అతని మొహం చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: వానలకి గెడ్డ పొంగి మా నూతిలో వరద నీరు చేరింది. బ్లీచింగ్ ఎంత వెయ్యాలి? పక్కింటివాళ్లు రెండు గుప్పిళ్లంటున్నారు. (నర్సీపట్నం దగ్గర పల్లె)

జవాబు: గుప్పిళ్ల లెక్క వద్దు బాబూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కరెంటు లేక మోటార్లన్నీ పడుకుంటే, మా వీధి మొత్తానికి ఒక పాత నుయ్యే దిక్కైంది. దాంట్లో ఎవరికి తోచినంత వాళ్లు వేసి, ముక్కు మండేలా చేశారు.

ముందు చెత్తా బురదా తోడించెయ్యండి, బురదలో బ్లీచింగ్ పనిచెయ్యదు. తర్వాత నుయ్యి అడ్డం, నీళ్ల లోతు మీటర్లలో కొలవండి. అడ్డాన్ని అడ్డంతో గుణించి, లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4తో భాగించండి, వేలల్లో లీటర్లొస్తాయి. రెండు మీటర్ల అడ్డం, నాలుగు మీటర్ల నీళ్లుంటే పన్నెండున్నర వేల లీటర్లు. మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి, అంటే మీకు 31 గ్రాములు. వరద నీళ్లకి ఇంతకంటే పడుతుంది, అందుకే వేశాక గంటాగి క్లోరిన్ కిట్టుతో చూడమనేది. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలితే చాలు, మిగలకపోతే మరికాస్త. పొట్లం విప్పి నెలలైన పొడి సున్నంతో సమానం, కొత్తది తెండి.

పొడి నేరుగా నూతిలో పోయకండి. బకెట్లో ముద్దగా కలిపి, ముప్పావు దాకా నీళ్లు పోసి, పదినిమిషాలు తేరనివ్వండి. అడుగున సున్నం ఉండిపోతుంది, పైతేట వేరే బకెట్లోకి వంచి, తాడు కట్టి నీళ్లలోకి దించి పైకీ కిందకీ ఆడించండి. సాయంత్రం అందరూ తోడుకున్నాక వేసి, గిలకకి తాడు తీసేసి, పొద్దున్న కిట్టుతో చూసుకుని కట్టండి.